ఒకటి రెండు చోట్ల

మా ఇంటావిడకు నా తెలుగు పాండిత్యం మీద ఏనాడూ పెద్ద గౌరవం లేదు. ఎం.ఏ. పట్టా గోడకు తగిలించుకొన్న మనిషికి ఇంట్లో దొరికే మర్యాద ఎంతటిదో ఆ పట్టా వున్నవాళ్ళకే తెలుసు. కాని ఫాల్గుణం వెళ్ళి ఎండలు ముదిరే రోజులలో మాత్రం ఆమెకు నాతో పని పడుతుంది. వడియాల పిండి పొయ్యిమీదికి ఎక్కించబోయే ముందు, "ఏమండీ, రేపు మబ్బు పడుతుందేమో కాస్త చూసి చెప్పండి" అంటుంది. నేను కళ్ళజోడు సవరించుకొని, సెల్‌ఫోను తెరిచి, వాతావరణ శాఖవారి ప్రకటన గొంతు మార్చి చదువుతాను: "దక్షిణ కోస్తాలో వాతావరణం పొడిగా వుంటుంది." ఆమె వెంటనే పొయ్యి వెలిగిస్తుంది. ఇరవై ఏళ్ళుగా తరగతిలో నేను చదివిన ఏ పద్యానికీ ఇంత తక్షణ ఫలితం కలగలేదు.

ఈ వాతావరణం చదివే వుద్యోగం నాకు ఇంట్లోనే కాదు, మా వూళ్ళో కూడా వుండేది. అందులోనుంచి నన్ను ఒకసారి బర్తరఫు చేశారు. ఆ సంగతే చెప్పబోతున్నాను.

నా కాపురం కావలిలో. మా అమ్మా నాయనా, తమ్ముడి సంసారమూ కొండాపురంలో. రెండూ ఒకే జిల్లా. బస్సెక్కితే మధ్యాహ్న భోజనానికి ఇంటికి చేరవచ్చు. కాని వాతావరణంలో రెండూ రెండు దేశాలు. కావలిలో చైత్ర వైశాఖాలలో పొద్దుటినుంచీ పడమటిగాలి చెవులు మాడుస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటా రెండయ్యేసరికి తూర్పునుంచి ఒక చల్లని తెమ్మెర వస్తుంది. నేల త్వరగా వేడెక్కుతుంది, నీళ్ళు నిదానంగా వేడెక్కుతాయి. నేలమీది వేడిగాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం మీది గాలి జరిగి వస్తుంది. పడమటిగాలి మరీ బలంగా వున్న రోజున అది ఆ గాలిని ఒడ్డుననే నిలబెట్టేస్తుంది. ఆ రోజు మా వీధిలో సాయంత్రందాకా ఎవరూ తలుపు తీయరు.

కొండాపురం అట్లా కాదు. అది మెట్ట. పొగాకు చేలు, ఆకు కాల్చే బ్యారన్లు, జామాయిలు తోటలు. ఇంకా పడమటికి పోతే ఉదయగిరి కొండలు. సముద్రపుగాలి అంతదూరం వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. వచ్చినా దీపాలవేళకు, దోవలో చల్లదనమంతా పంచిపెట్టి వట్టిచేతులతో వచ్చే చుట్టంలాగా వస్తుంది. ఎండలో మేము రాయలసీమకు పెత్తండ్రి బిడ్డలం. అయినా వాతావరణ శాఖవారి లెక్కలో మాది దక్షిణ కోస్తా! రేడియోలో ఆ మాట వినబడినప్పుడల్లా మా అమ్మ, "కోస్తా అంట కోస్తా, తాగే నీళ్ళకే దిక్కు లేదు" అని నవ్వేది.

నాకు జ్ఞానం వచ్చిన దగ్గరనుంచి మా నాయన ఆకాశాన్ని చూసి సేద్యం చేసినవాడే. మబ్బు రంగు, గాలి మళ్ళడం, చీమలు గుడ్లు మోసుకుపోవడం ఆయనకు పంచాంగం. కాని వయసు డెబ్బై దాటిన తరువాత కళ్ళకు శుక్లాలు వచ్చి ఆకాశం మసకబారింది. అప్పటినుంచి ఆ పని నాకు అప్పగించాడు. రోజూ సాయంత్రం ఫోను చేసేవాడు: "ఏందిరా అబ్బయ్యా, మీ వాళ్ళు ఏమంటుండారు?" మీ వాళ్ళు అంటే వాతావరణ శాఖవారన్నమాట. చదువుకొన్నవాళ్ళంతా ఆయన దృష్టిలో ఒక కులం.

2023 మార్చి మధ్యలో, తెలుగు దేశమంతటా అకాలవర్షాలు పడిన రోజులవి. ఒక సాయంత్రం నాయన ఫోను చేశాడు. ఆఖరి విడత ఆకు కాల్చి, షెడ్డులో మండెలు వేశారట. షెడ్డు పైరేకులు రెండు గాలికి లేచిపోయాయి. తమ్ముడు వూళ్ళో లేడు. "మబ్బు కమ్ముకుంటా ఉండాది. పట్టలు అద్దెకు తెప్పించమంటావా? మనుషులను పిలిపించాల. ఖర్చు అయితాది" అన్నాడు.

నేను ఫోనులో ప్రకటన చూశాను. దక్షిణ కోస్తాలో ఒకటి రెండు చోట్ల ఉరుములతో కూడిన వర్షం కురిసే అవకాశం వుందని వుంది.

"ఒకటి రెండు చోట్లే నాయనా. మనకు కాదులే, పడుకో" అన్నాను.

ఆ రాత్రి ఒక గంటసేపు కొండాపురంలో వాన కుండపోతగా కురిసింది. కావలిలో చుక్క పడలేదు. నేను హాయిగా నిద్రపోయాను.

ఆదివారం వెళ్ళాను. నాయన ముక్కాలిపీట మీద కూర్చుని తడిసిన ఆకు ఒక్కొక్కటే విడదీసి ఆరబెడుతున్నాడు. పొగాకు గురించి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. చేలో వున్న ఆకు మీద వాన పడితే దాని జిగురు కడుక్కుపోతుంది. కాల్చిన ఆకు తడిస్తే బూజు పడుతుంది, రంగు పోతుంది. వేలం కేంద్రంలో రంగే ధర. కూలీ, కట్టెలు, ఎరువు, నారు, ఎనిమిది నెలల చాకిరీ—ఇదంతా ఆ రంగులో వుంటుంది. మూడు మండెలలో రెండు పోయినట్టే.

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చాలాసేపటికి తల ఎత్తకుండానే అడిగాడు: "అబ్బయ్యా, ఆ ఒకటి రెండు చోట్లలో మన వూరు ఒకటి కాదని నీకెవరు చెప్పినారురా?"

నా దగ్గర జవాబు లేదు. మరునాటినుంచి ఫోను రావడం మానేసింది. నన్ను బర్తరఫు చేయడమంటే అదే.

చదువరులు నవ్వకపోతే ఒక విషయం ఒప్పుకొంటాను. ప్రాచీన కావ్యాలలో ఒక్కొక్క పదానికి నాలుగేసి అర్థాలు చెప్పే నేను, ఆ ప్రకటనలోని నాలుగు తేలిక మాటలకు అర్థం ఏనాడూ వెదకలేదు. ఆ అవమానం తరువాత కూర్చుని వెదికాను. ఆ మాటలు నోటికి వచ్చినట్టు అన్నవి కావు. ప్రతిదానికీ కొలత వుంది. ఒక ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాలు నూరు వున్నాయనుకోండి. పాతికకు మించకుండా వాన పడే సూచన వుంటే అది "ఒకటి రెండు చోట్ల". యాభైలోపు అయితే "కొన్ని చోట్ల". డెబ్బైఅయిదు దాకా "చాలా చోట్ల". అది దాటితే "దాదాపు అన్ని చోట్ల". అంటే నేను తీసిపారేసిన మాటకు అర్థం నాలుగు వూళ్ళలో ఒక వూరు దాకా తడవవచ్చునని! అట్లాగే రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితేనే "భారీ" వర్షం, 115.6 చేరితే "అతి భారీ". వడగాలి అన్నమాట కూడా వూరికే అనరు. మైదానంలో 40 డిగ్రీలు, సముద్రతీరంలో 37 డిగ్రీలు చేరాలి. అది అక్కడి మామూలు వేడికంటె కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువ కావాలి. వడగాలి ఎంత పని చేస్తుందో 2015 మే నెలలో చూశాము. మన రాష్ట్రంలోనే వేయిమందికి పైగా పోయారు.

మాటలు కొలిచి వాడినవారిది తప్పు కాదు. కొలవకుండా విన్నవాడిది తప్పు. ఇది తెలుగు పంతులు చేసిన తప్పు గనుక మరీ సిగ్గుపడ్డాను.

రెండేళ్ళు గడిచాయి. 2025 మార్చి 30న విశ్వావసు ఉగాదికి పిల్లలతో కొండాపురం వెళ్ళాము. సాయంత్రం గుడిలో పంచాంగశ్రవణం. రాజెవరు, మంత్రి ఎవరు, సస్యాధిపతి ఎవరు, మేఘాధిపతి ఎవరు అని వరసగా చెప్పి, అయ్యవారు వాన సంగతికి వచ్చారు. వానలో ఇన్ని వంతులు సముద్రం మీద, ఇన్ని వంతులు కొండల మీద, మిగిలినవి నేలమీద అని పంచాంగంలో పంపకం వుంటుంది. ఎప్పుడూ పెద్ద వాటా సముద్రానిదే. "నీళ్ళమీద నీళ్ళు పోసి ఏం లాభం సామీ, ఒక వంతు ఇటు తోయరాదా?" అని వెనకనుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు. నాయనా నవ్వాడు.

మరునాడే వాతావరణ శాఖవారి వేసవి అంచనా వచ్చింది: ఏప్రిల్ నుంచి జూన్ దాకా దేశంలో చాలా భాగాలలో ఎండలు మామూలుకంటె ఎక్కువ. నాయన పక్కన కూర్చుని చదివాను. ఆయన విని, "సరే" అన్నాడు. అంతే. ఆ "సరే"లో రెండేళ్ళనాటి తడిసిన ఆకు వాసన ఇంకా వుంది.

ఏమనిపించిందో, "నాయనా, రేపు నాతో కావలి రా. సముద్రం చూసి వద్దాము" అన్నాను. డెబ్బైఅయిదేళ్ళ మనిషి, ఇంత దగ్గర వుండి సముద్రాన్ని చూసింది రెండుసార్లేనట. "చూసి ఏం చేసేదిరా?" అన్నాడు గాని బయలుదేరాడు. పడమటి మెట్టకు సముద్రంతో ఏం పని అనే కదా మేమంతా అనుకొనేది! కాని మా జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు డిసెంబరు నెలల మధ్య బంగాళాఖాతం నుంచి వచ్చేదే. కొండాపురం చెరువులో నీళ్ళు నిలిచాయంటే తూర్పున ఒక వాయుగుండం పుట్టిందని అర్థం. సముద్రం తెలియని మా వూరు సముద్రం పెట్టిన కూడే తింటున్నది.

కావలికి తూర్పున తుమ్మలపెంట. సాయంత్రం వెళ్ళాము. ఒడ్డున ఇసుకలో పడవలు వరసగా వున్నాయి. నాయన ఈడువాడే ఒక పెద్దాయన వల బాగుచేసుకొంటున్నాడు. నాయన నేరుగా వెళ్ళి ఆయన పక్కన కూలబడ్డాడు. సేద్యగాడికి వేటగాడితో మాట కలపడానికి ఎవరూ పరిచయం చేయనక్కరలేదు.

"ఎట్లుండాది అన్నా ఈ ఏడు?" 

"ఏముండాది అన్నా, ఇంక పక్షం దినాలు పోతే పడవలు ఒడ్డుకే" అన్నాడాయన. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పుతీరంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక ప్రభుత్వంవారు పెట్టిన నియమం. "మీకు పొలం ఎండబెట్టేది ఉంటాది చూడు, మాకు సముద్రాన్ని ఎండబెట్టేది" అని నవ్వాడు.

నీళ్ళవైపు చూపించి చెప్పాడు: ఇప్పుడు ఒడ్డు వెంబడి నీళ్ళు ఉత్తరానికి నడుస్తాయట, కార్తీకానికి తిరగబడి దక్షిణానికి నడుస్తాయట. నేను పుస్తకంలో చదివిన సంగతే అది. గాలులు మారినట్టే ఈ తీరం వెంబడి ప్రవాహమూ ఏడాదిలో దిక్కు మార్చుకొంటుంది. ఆయన దాన్ని వలకు తగిలే బరువునుబట్టి తెలుసుకొన్నాడు. ఇప్పుడు ఆయన మనుమడి ఫోనుకు హైదరాబాదునుంచి రోజూ సమాచారం వస్తుందట: అలల ఎత్తు ఎంత, గాలి వేగం ఎంత, చేపలు ఏ మేర దొరకవచ్చు అని. సముద్రమన్నదే లేని హైదరాబాదులో జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రం వున్నదని చెబితే నాయనకు ఎంతకూ నమ్మకం కలగలేదు. వాన మబ్బులను పైనుంచి చూసే ఇన్‌శాట్‌-3డిఎస్ ఉపగ్రహాన్ని 2024 ఫిబ్రవరి 17న ఎగరేసింది మాత్రం నిన్నమొన్నటిదాకా మన జిల్లాలోనే వున్న శ్రీహరికోట నుంచి అంటే కాస్త తృప్తిపడ్డాడు.

"అంతా సరే. వాళ్ళు చెప్పింది జరుగుతాదా?" అని నాయన అడిగాడు. నావైపు చూడలేదు గాని ప్రశ్న నాకే తగిలింది.

పెద్దాయన వల పక్కన పెట్టాడు. 1990 మే నెల సంగతి చెప్పాడు. తుఫాను వస్తుందని అధికారులు వచ్చి వూరు లేపారు. ఆయన తండ్రి ఇల్లు కదలనని భీష్మించాడు. తల్లి మాత్రం కోడిని చంకన పెట్టుకొని ముందు నడిచింది; అప్పుడు తండ్రి వెనకాలే వచ్చాడు. మూడు రోజులు బడిలో తలదాచుకొన్నారు. తీరా ఆ తుఫాను ఉత్తరానికి మళ్ళి మే 9న కృష్ణ సముద్రంలో కలిసేచోట తీరం దాటింది. వీళ్ళ ఇళ్ళు చెక్కుచెదరలేదు.

"ఊరికే తిప్పించినారని కోపం రాలేదా?" అన్నాడు నాయన.

"ఎందుకన్నా కోపం? రాకపోతే మంచిదేగా! కోడి ఒకటి పోయింది. మనుషులం ఉండాము."

నాకు తరువాతి లెక్క తెలుసు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో పదివేలమంది పోయారు. 1990లో వచ్చిన తుఫాను దానికి ఏమీ తీసిపోనిది. అయినా పోయినవారు వేయిలోపే. ఆ వేయిమందీ తక్కువవారు కారు. కాని మిగిలిన తేడా అంతా ఎక్కడినుంచి వచ్చింది? నడుమ పదమూడేళ్ళలో రాడార్లు, తుఫాను రక్షణ భవనాలు, ఉపగ్రహాల చిత్రాలు వచ్చాయి. వీటన్నిటికంటె ముఖ్యంగా, లక్షలమంది ఒక మాట విని ఇల్లు విడిచారు. అంతకు ముందు 1864 నవంబరులో బందరును ఉప్పెన ముంచినప్పుడు వేలకు వేలు కొట్టుకుపోయారు. వారికి చెప్పే నోరే లేదు. అటువంటి ఘోరాలు, ఆ వెంటనే వచ్చిన కరువులు చూసిన తరువాతనే 1875లో ఈ దేశానికి వాతావరణ శాఖ ఏర్పడింది. మనం ఫోనులో తేలికగా తిప్పేసే ఆ నాలుగు వాక్యాల వెనక ఇంతమంది చావు వుంది.

ఇదంతా ఆ ఇసుకలో నేను వుపన్యసించలేదు. ఇద్దరు ముసలివాళ్ళు మాట్లాడుకొంటుంటే పంతులు నోరు మూసుకోవడమే మంచిది. చీకటి పడుతుండగా తిరిగి వచ్చాము. దోవలో నాయన ఒక్క మాట మాట్లాడలేదు.

ఏప్రిల్ మధ్యలో, రెండేళ్ళ తరువాత మొదటిసారి, సాయంత్రం ఫోను మోగింది. "ఏందిరా, మీ వాళ్ళు ఏమంటుండారు?"

నా చేయి వణికిందంటే మీరు నమ్మాలి. ప్రకటన తెరిచాను. మళ్ళీ అదే మాట: ఒకటి రెండు చోట్ల. ఈసారి అర్థం చెప్పాను. "నాలుగు వూళ్ళలో ఒక వూరు దాకా తడవవచ్చునంట నాయనా. అది మనది కావచ్చు, కాకపోవచ్చు."

"అట్లా చెప్పు" అన్నాడు. తమ్ముడి చేత పట్టలు తెప్పించి మండెలన్నీ కప్పించాడు. ఆ వారమంతా చుక్క వాన లేదు. అద్దె డబ్బు దండగ. నేనే వుండబట్టలేక ఫోను చేసి, "ఖర్చు అయిందే నాయనా" అన్నాను.

"రాకపోతే మంచిదేగా!" అన్నాడు.

ఆ మాట ఎవరిదో నాకు తెలుసు.

వేసవి అంచనా సంగతి అడుగుతారేమో. ఎండలు ముదురుతాయన్న ఆ ఏడు మే నెలలో దేశమంతటా వానలు దంచి కొట్టాయి; 1901నుంచి వ్రాసి పెట్టిన లెక్కలలో అంత వాన కురిసిన మే నెల లేదు. నైరుతి రుతుపవనాలు జూన్ 1కి బదులు మే 24ననే కేరళను తాకాయి. నెల ముగిసేలోగా మన రాష్ట్రంలోనూ అడుగుపెట్టాయి. నాయన ఫోను చేసి, "ఏందిరా, మండుతాదన్నారే!" అని ఎగతాళి చేశాడు. మూడు నెలలకు ముందు చెప్పే మాట అప్పు ఇచ్చినవాడి ముఖం చూసి అంచనా కట్టడంవంటిది, రేపటి మాట వేరు, ఎల్లుండి మాట వేరు అని ఏదో సర్దిచెప్పబోయాను. అయినా రుతుపవనాల వాన మామూలుకంటె ఎక్కువ, నూటికి 105 వంతులు వుంటుందని ఏప్రిల్ 15న చెప్పినవారూ వాళ్ళే. చివరికి 108 వంతులు కురిసింది.

"పంచాంగంలో కూడా ఇట్లా చెప్పలేదులే" అని నాయనే వాళ్ళను క్షమించాడు.

మా ఇంటావిడ వడియాలు మాత్రం ఆ ఏడు రెండు విడతలు తడిసి పాడయ్యాయి. నా వుద్యోగానికి ఇంట్లో కాస్త ప్రమాదం వచ్చిన మాట నిజమే.

జూన్ 14 సాయంత్రం నాయన ఫోను చేశాడు. వూళ్ళో ఆకు కొంత అమ్ముడుపోయింది, కొంత పోలేదు. ఇంట్లో అప్పటికి తడిసేది ఏమీ లేదు. ఎందుకు చేశాడా అనుకొన్నాను.

"నిషేధం ఈ దినంతో అయిపోయిందంట కదా" అన్నాడు.

"అవును నాయనా."

"తుమ్మలపెంట ఆయన తెల్లారి వేటకు పోతాడు గామాల. సముద్రం ఎట్లుండాదంట?"

నేను కళ్ళజోడు పెట్టుకొని ఫోను తెరిచాను. గాలి వేగం, అలల ఎత్తు, ఒక్కొక్క మాటా నిదానంగా, అర్థం చెబుతూ చదివాను. ఈసారి గొంతు మార్చలేదు.